ఉయ్యాల తాళానికి నలభై క్యాసెట్లు

1వ రోజు

ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసి, గోడ గడియారాన్ని పక్క గదిలో పరుపు కింద దాచి వచ్చేసరికి పెద్దమ్మ మైకు ముందు నిటారుగా కూర్చుని ఉంది. రికార్డింగ్ మొదలుపెట్టాను. రెండు పంక్తులు పాడి ఆపేసింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ ఆపింది. గొంతు బాగానే ఉంది, మాటలన్నీ గుర్తున్నాయి, అయినా పాట ముందుకు సాగలేదు.

"ఊపడానికి ఏమీ లేకుండా జోలపాట ఎలా పాడను నాన్నా?" అని అడిగింది.

తప్పు నాదే. ఆమె చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, అందులో నిమిషానికి 60 దెబ్బల మెట్రోనోమ్ వినిపించాను. అలా పాడితే తరువాత, స్వరాలను వరుసగా వాయించే యంత్రమైన సీక్వెన్సర్‌లో కూర్చడం నాకు సులువు. ఆ సౌకర్యం నాది, పాటది కాదు. ఐదు నిమిషాలకు ఆమె హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఈ రోజు రికార్డింగ్‌లో పనికొచ్చేది ఏమీ లేదు.

నేను వేసుకున్న ప్రణాళిక ఇది. 46 నిమిషాల క్యాసెట్, 40 ప్రతులు. మొదటి వైపు పెద్దమ్మ పాటలకు నా సింథసైజర్ జోడిస్తాను. రెండో వైపు అవే పాటలు, ఏమీ కలపకుండా. రికార్డింగ్ నుంచి అట్ట మీద బొమ్మ దాకా అంతా ఇంట్లోనే చేయాలి. ఏ కంపెనీ వెనుక లేదు కాబట్టి ఎవరి గడువూ లేదు. అందుకే ఈ డైరీ. గడువు లేని పని ఎక్కడ ఆగిందో రాసుకోకపోతే అక్కడే ఉండిపోతుంది.

3వ రోజు

పైకప్పు కొక్కానికి తాళ్లు కట్టి ఉయ్యాల వేశాను. అందులో పిల్లలెవరూ లేరు. లావుపాటి పుస్తకాలు నాలుగు దుప్పటిలో చుట్టి పడుకోబెట్టాం. పెద్దమ్మ ఉయ్యాలకు కట్టిన సన్నని తాడును చేతిలోకి తీసుకుంది, రెండుసార్లు లాగి చూసింది, తాడు పొడవు తగ్గించమంది. ఆ తరువాత నేను ఏమీ చెప్పనక్కరలేకపోయింది. మొదటి పాట ఏడు నిమిషాలు ఆపకుండా పాడింది. రికార్డింగ్ జరుగుతోందన్న సంగతే మరచిపోయినట్టు, చివరికి వచ్చేసరికి గొంతు బాగా తగ్గించింది, పుస్తకాలు నిజంగానే నిద్రపోయినట్టు.

మైకులు రెండు. ఒకటి ఆమె నోటికి కొంచెం పక్కగా, జానెడున్నర దూరంలో. మరొకటి గది మూలలో. రికార్డింగ్ నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. ఊపిరి పీల్చిన శబ్దం కూడా వినిపిస్తోంది, అది తీసేయను.

ఒక చిక్కు వచ్చింది. కొక్కెం కిర్రుమంటోంది. ఉయ్యాల ఒక చివరికి వెళ్లినప్పుడొకసారి, రెండో చివరికి వెళ్లినప్పుడొకసారి. చుక్క నూనె వేయడానికి నిచ్చెన ఎక్కాను. డబ్బా మూత తీసిన తరువాత చెయ్యి ఆగింది. దిగి వచ్చేశాను. ఎందుకో అప్పుడు నాకే స్పష్టంగా తెలియదు.

4వ రోజు

రికార్డింగ్ చేయలేదు. చదువుకున్నాను.

1904 వేసవిలో హంగేరీ స్వరకర్త బేలా బార్తోక్ ఒక పల్లెలో బస చేసినప్పుడు, పక్క గదిలో ఒక దాది పిల్లవాడి కోసం పాడుతున్న పాట విన్నాడు. అప్పటిదాకా తాను జానపదం అనుకున్నది వేరు, ఇది వేరు అని అతనికి ఆ పాటతో తెలిసింది. తరువాత తోటి స్వరకర్త జోల్తాన్ కొదాయ్‌తో కలిసి, కొద్ది నిమిషాలకు మించి పట్టని మైనపు సిలిండర్ల మీద వేల పాటలు సేకరించాడు. ఆ సేకరణలో అతను గమనించి పేరు పెట్టిన రెండు నడకలున్నాయి. మాటల వెంట స్వేచ్ఛగా సాగేది పార్లాండో రుబాటో. ఆట నడకలా దెబ్బ తప్పనిది టెంపో జూస్తో.

పెద్దమ్మ జోలపాట మొదటి రకం. కొన్ని పంక్తుల చివర అక్షరాన్ని ఆమె ఎంతసేపు సాగదీస్తుందో ఆమెకే తెలియదు, రెండోసారి అంతే సాగదీయదు. దీన్ని కంప్యూటర్ గళ్లలోకి కోసి అతికించడం చేతకాని పని కాదు. గంటలో చేయవచ్చు. చేసిన తరువాత మిగిలేది మాటలూ స్వరాలే. ఎవరినో నిద్రపుచ్చుతున్న మనిషి అందులో ఉండదు.

5వ రోజు నుంచి 8వ రోజు వరకు

నూనె ఎందుకు వేయలేదో ఇప్పుడు తెలిసింది.

రికార్డింగ్‌ను పదేపదే వింటుంటే ఒక విషయం తట్టింది. గొంతు స్వేచ్ఛగా తిరుగుతోంది, కాని ఆ కిర్రు మాత్రం తిరగడం లేదు. నలభై ఊపుల సమయం కొలిచి సగటు తీశాను. ఒక పూర్తి ఊపుకు 2.81 సెకన్లు. కొక్కెం నుంచి ఉయ్యాల బరువు నడుమకు దాదాపు 196 సెంటీమీటర్లు. లోలకం సూత్రంలో ఆ పొడవు వేస్తే వచ్చే సమాధానం కూడా 2.81 సెకన్లే. ఉయ్యాల అంటే గొంతు పక్కనే వేలాడుతున్న లోలకం. ఊపు చిన్నదైనా పెద్దదైనా పట్టే సమయంలో పెద్దగా తేడా రాదు. పెద్దమ్మ తాడు గట్టిగా లాగినప్పుడు మాత్రం కిర్రు ఒక్క పిసరు ముందే వస్తుంది.

అంటే పాటకు తాళం లేదని నేను అనుకోవడం పొరపాటు. తాళం ఆమె చేతిలో ఉంది, గొంతులో లేదు. గొంతు ఆ తాళాన్ని ఒరుసుకుంటూ, దాటిపోతూ, మళ్లీ దాని దగ్గరికి వస్తూ ఉంటుంది. పంక్తి చివర అక్షరం సాగుతున్నప్పుడు రెండు మూడు కిర్రులు దాటిపోతాయి. కొత్త పంక్తి కిర్రు మీద మొదలవదు, దాని వెనుక, అర క్షణం తరువాత మొదలవుతుంది. తోసిన ఉయ్యాల చివరిదాకా వెళ్లి తిరిగి రావడం మొదలయ్యాకే నోరు తెరుస్తుంది. ఈ సంగతి గ్రహించిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

కాబట్టి సీక్వెన్సర్ నడవవలసింది గొంతు వెంట కాదు, మెట్రోనోమ్ వెంటా కాదు, ఉయ్యాల వెంట.

కొక్కెం పక్కన దూలానికి ఒక కాంటాక్ట్ మైకు అంటించాను. పైసా నాణెమంత చిన్న పీజో బిళ్ల. గాలిలోని శబ్దాన్ని ఇది పట్టుకోదు, తనను అంటించిన వస్తువు కంపనాన్ని పట్టుకుంటుంది. దీన్ని నేరుగా మామూలు మైకు సాకెట్‌కు కలిపితే కింది స్వరాలన్నీ పోయి డబ్బా శబ్దం వస్తుంది. ఒక మెగా ఓం ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్, అంటే సన్నని సంకేతాన్ని ముందుగా పెంచే పెట్టె, మధ్యలో ఉండాలి. మొదట అది లేకుండా ప్రయత్నించి కొక్కేన్ని తిట్టుకున్నాను. ప్రీయాంప్ పెట్టాక కర్ర లోపలి మూలుగు కూడా వినిపించింది.

పెద్దమ్మతో మళ్లీ పాడించాను. ఈసారి మూడు ట్రాకులు: గొంతు, గది, దూలం. దూలం ట్రాకును ఒక కంపారేటర్‌లోకి పంపాను. శబ్దం ఒక మట్టం దాటగానే అది 5 వోల్టుల దెబ్బ ఒకటి పంపుతుంది. ఆ దెబ్బే సీక్వెన్సర్‌కు గడియారం. మొదట అంతా గందరగోళం. ఒక కిర్రుకు నాలుగు దెబ్బలు వచ్చాయి, ఎందుకంటే కిర్రు ఒక్క క్షణపు చప్పుడు కాదు, పావు సెకనుకు పైగా గీరుకుంటూ సాగుతుంది. ఒక దెబ్బ పడ్డాక సెకను పాటు మరే దెబ్బా తీసుకోకుండా కట్టడి పెట్టాను. అప్పుడు కుదిరింది.

రెండు కిర్రుల నడుమ 1.4 సెకన్లు. దాన్ని ఎనిమిది భాగాలు చేయాలి, ఒక్కో భాగానికి ఒక స్వరం. భాగాలు చేసే మాడ్యూల్ రాబోయే కిర్రు ఎప్పుడు వస్తుందో తెలుసుకోలేదు, గడిచిన విరామాన్ని చూసి ఊహిస్తుంది. పెద్దమ్మ తాడు గట్టిగా లాగినప్పుడు దాని ఊహ తప్పుతుంది, ఎనిమిదో స్వరం తరువాతి మొదటి స్వరాన్ని తాకుతుంది. ఆ తాకిడిని సరిచేయగలను. చేయలేదు. ఆమె ఎక్కడ బలంగా లాగిందో సింథసైజర్‌లో వినిపించే చోటు అదొక్కటే.

9వ రోజు

శ్రుతి. ఇది కొలవకుండానే తెలుసు అనుకున్నాను.

పెద్దమ్మ షడ్జమం పాట మొదట్లో 196 హెర్ట్జ్. ఐదు నిమిషాలకు 199 దాటింది. అర్ధస్వరంలో నూరో వంతును సెంటు అంటారు. ఆ లెక్కన 30 సెంట్లు పైకి జరిగింది. ఏ తోడూ లేకుండా పాడే గొంతు వేడెక్కుతున్న కొద్దీ ఇలా జరగడం మామూలే. సింథసైజర్ తన చోట తాను ఉంటే పాట చివరికి రెండూ ఒకదానినొకటి కొట్టుకుంటాయి. గొంతును కిందికి లాగే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని తెరవలేదు. సింథసైజర్ స్వరాలను పుట్టించే నా ఆసిలేటర్లలో ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరుగుతుంది, అంటే 30 సెంట్లకు 25 మిల్లీవోల్టులు. ఐదు నిమిషాల్లో 25 మిల్లీవోల్టులు ఎక్కే అతి నెమ్మదైన వాలు ఒకటి గీసి ఆసిలేటర్లకు ఇచ్చాను. అంతకు ముందు వాటిని అరగంట వేడెక్కనివ్వాలి, లేకపోతే అవీ తమంతట తాము జరుగుతూ ఉంటాయి.

గాంధారం దగ్గర మాత్రం ఓడిపోయాను, ఓడిపోవడమే మంచిదైంది. కీబోర్డు మీది అంతర గాంధారం షడ్జమం నుంచి 400 సెంట్లు. తంత్రి మీద సహజంగా పలికేది 386. పెద్దమ్మది ఈ రెండూ కాదు. పైకి పోయేటప్పుడు 370 చుట్టుపక్కల ఉంటుంది, దిగేటప్పుడు 350కి వస్తుంది. ఏ స్వరం పెట్టినా ఆమె గాంధారం అపస్వరంలా వినబడింది. ఆమె తప్పు పాడినట్టు అనిపించేలా చేసింది నా స్వరమే. రాత్రి పదింటికి సింథసైజర్ భాగంలోంచి గాంధారాన్ని పూర్తిగా తొలగించాను. షడ్జమం, పంచమం, అప్పుడప్పుడు మంద్ర షడ్జమం. అంతే. ఆ ఖాళీలో ఆమె గాంధారం ఒంటరిగా నిలబడింది. ఇన్నేళ్లలో నేను చేసిన కూర్పులన్నిటిలో దీనికంటే మంచి నిర్ణయం గుర్తుకు రావడం లేదు.

14వ రోజు

మొదటి మిక్స్ పెద్దమ్మకు వినిపించాను. కళ్లు మూసుకుని వింది. రెండు నిమిషాల తరువాత చెయ్యి ఎత్తింది.

"ఆ కింద మోగుతున్నది మంచిగానే ఉంది. కాని వచ్చేటప్పుడు ఒక్కసారిగా వస్తోంది. పిల్లవాడు ఉలిక్కిపడతాడు."

మంద్ర షడ్జమం గురించి ఆమె అన్నది. దాని ఆరంభం, అంటే పూర్తి బలానికి చేరే సమయం, 5 మిల్లీసెకన్లు. స్పష్టంగా ఉండాలని అలా పెట్టాను. 400 మిల్లీసెకన్లకు పెంచి మళ్లీ వినిపించాను. శబ్దం ఎప్పుడు మొదలైందో చెప్పలేని విధంగా వచ్చి చేరింది. ఈసారి చెయ్యి ఎత్తలేదు. చివరికి "ఇప్పుడు పడుకుంటాడు" అంది. మాస్టరింగ్, అంటే ప్రతులు తీసే ముందు శబ్దాన్ని చివరిగా సరిచేయడం, గురించి నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా లేని పరీక్ష ఇది. మిగిలిన పాటలనూ దీనితోనే పరీక్షించాను.

జానపదానికీ ఎలక్ట్రానిక్ సంగీతానికీ పొత్తు కుదరదని అడపాదడపా వింటుంటాను. 1944లో కైరోలో ఈజిప్టు స్వరకర్త హలీమ్ ఎల్-దబ్ రేడియో కేంద్రం నుంచి తీగ రికార్డర్ (టేపుకు బదులు సన్నని తీగ మీద రికార్డు చేసేది) తీసుకుని జార్ అనే స్వస్థత క్రతువుకు వెళ్లాడు. అక్కడ స్త్రీలు పాడిన పాటలను రికార్డు చేసి, కేంద్రంలోని ప్రతిధ్వని గదుల్లో మార్చి కొత్త ధ్వనులు తయారు చేశాడు. పారిస్ రేడియోలో పియర్ షేఫర్ రైలు శబ్దాలతో చేసిన ప్రయోగాలు 1948 నాటివి. వాటికి నాలుగేళ్ల ముందే ఈ పని జరిగింది. అంటే రికార్డింగ్ యంత్రంతో కూర్పు చేసిన తొలి రోజుల్లోనే అందులో క్రతువు పాటలు పాడే స్త్రీల గొంతు ఉంది. పొత్తు కుదిర్చే పని మనది కాదు, అది ముందే కుదిరింది.

18వ రోజు

కాగితం పని. ఒక పేజీలో తెలుగులో రాసుకున్నాం. అట్ట మీద ఆమె పేరు నా పేరు కంటే ముందు ఉంటుంది. వచ్చిన డబ్బులో సగం ఆమెది. ఏ పాటనైనా ఆమె ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తాం, ప్రతులు తయారుకాక ముందైతే. పాట తరతరాలది కాబట్టి ఎవరి సొత్తూ కాదు, నిజమే. కాని ఆ పాటను ఈ గొంతు పాడిన తీరు ఈ మనిషిది. గాయకులకు తమ ప్రదర్శన మీద హక్కు ఉంటుందని 1961 నాటి రోమ్ ఒప్పందమే చెప్పింది. సేకరించిన వాళ్ల పేర్లు పెద్ద అక్షరాలతో, పాడిన వాళ్లు "ఒక గ్రామీణ స్త్రీ"గా అచ్చయిన పాత రికార్డులు చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

పేజీ చదివి సంతకం చేసే ముందు ఆమె ఒక పాట తీసేయించింది. బంధువును ఆటపట్టించే పాట, ఐదింటిలోకీ హుషారైనది, నేను మొదటి పాటగా పెట్టుకున్నది. "ఇది ఇంట్లో పాడుకునేది. బయటికి వద్దు" అంది. తీసేశాను. కష్టంగానే ఉంది.

22వ రోజు

నలభై ఎందుకు అని పెద్దమ్మ అడిగింది. "పాట అందరిదీ అంటావు, నలభై మందికే ఇస్తానంటావు?"

నా దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానం లెక్క. ప్రతి క్యాసెట్‌నూ అసలు వేగంతోనే నకలు తీస్తాను, 46 నిమిషాలకు ఒకటి. నలభైకి 1,840 నిమిషాలు, అంటే దాదాపు 31 గంటలు. రెండు టేపు డెక్కులతో (క్యాసెట్ రికార్డర్లతో) చేస్తే అందులో సగం. ప్రతిదాన్నీ విని చూడాలి, అట్ట అచ్చు వేయాలి, మడవాలి. శ్రద్ధ చెదరకుండా నేను చేయగలిగింది నలభై. ఎల్‌పీ రికార్డుకైతే నలభై వేసినా నాలుగు వందలు వేసినా అచ్చుపలక తయారీ ఖర్చు ఒకటే, అందుకే ఆ దారి వదిలేశాను. సంఖ్య తక్కువ పెట్టి గిరాకీ పెంచాలన్న ఆలోచన లేదు. అలా చేసేవాళ్లంటే నాకు ఇష్టం లేదు కూడా.

కాని ఆమె ప్రశ్నకు ఇది జవాబు కాదు. అమెరికాలో మోజెస్ ఆష్ 1948లో ఫోక్‌వేస్ రికార్డుల సంస్థను మొదలుపెట్టి, వేసిన ఆల్బమ్‌లలో ఏదీ దొరకకుండా పోకూడదని జీవితాంతం పట్టుబట్టాడు. అమ్ముడుపోనివి కూడా. 1986లో ఆయన చనిపోయిన మరుసటి ఏడాది స్మిత్‌సోనియన్ సంస్థ ఆ భాండారాన్ని తీసుకున్నప్పుడు షరతు కూడా అదే: అన్నీ అందుబాటులో ఉండాలి. రెండు రోజులు ఇదే ఆలోచించాను.

తేల్చుకున్నది ఇది. క్యాసెట్లు నలభైయే, మళ్లీ వేయను. రెండో వైపు ఉన్న పాటలు, అంటే పెద్దమ్మ గొంతూ ఉయ్యాలా మాత్రమే ఉన్న రికార్డింగులు, ఎవరైనా ఉచితంగా విని దాచుకునేలా డిజిటల్‌గా ఉంచుతాను. నేర్చుకుని పాడుకోవచ్చని రాసి ఉంచుతాను. వస్తువుకు లెక్క ఉంటుంది, పాటకు ఉండదు. ఈ మాట చెబితే పెద్దమ్మ "సరే, అలాగైతే నలభై చాలు" అంది. ఆ ఉచిత ప్రతికి గాంధారం గురించి ఒక చిన్న వివరణ జత చేయాలి, లేకపోతే నేర్చుకునేవాళ్లు హార్మోనియం మీద వెతుక్కుంటారు.

27వ రోజు

క్యాసెట్ కోసం మాస్టర్, అంటే నకళ్లన్నిటికీ మూలప్రతి, తయారైంది. ఇది కొంచెం వివరంగా రాసుకుంటాను, మళ్లీ చేసేవాళ్లకు పనికొస్తుంది.

1963లో ఫిలిప్స్ బయటపెట్టిన ఈ పెట్టెలో టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అంత నెమ్మదిగా కదిలే టేపు మీద 10,000 హెర్ట్జ్ శబ్దపు ఒక్కో తరంగం ఐదు మైక్రాన్ల లోపు చోటులో ఇమడాలి. అందుకే పై స్వరాలు గట్టిగా పంపితే టేపు వాటిని మోయలేక నలిపేస్తుంది. గొంతులో ఈ ప్రమాదం ఉన్నవి స, శ, చ అక్షరాలు. జోలపాటల్లో అవి తక్కువే, కాని పెద్దమ్మకు ముందు పన్ను ఒకటి లేదు, ఆమె "శ"లో గాలి ఎక్కువ. ఆ చోట్లను ఒక్కొక్కటిగా చేత్తో తగ్గించాను, యంత్రానికి అప్పగించలేదు. యంత్రం తగ్గిస్తే పన్ను లేని మనిషి పాడుతున్నట్టు ఉండదు. 15,000 హెర్ట్జ్ పైన మెల్లగా వాలు ఇచ్చాను. 30 కింద తీసేశాను. మామూలు ఫెర్రిక్ టేపు, రొద తగ్గించే డాల్బీ లేదు. టేపు రొద ఉంటుంది. మొదటి పాట గది నిశ్శబ్దంతో మొదలవుతుంది కాబట్టి ఆ రొద దానిలో కలిసిపోతుంది.

మొదటి వైపు నిడివి 22 నిమిషాల 46 సెకన్లు. టేపు ఒక వైపు 23 నిమిషాలు. 14 సెకన్లు మిగులు. సరిపోతుంది అనుకున్నాను.

31వ రోజు

సరిపోలేదు.

రెండు డెక్కులనూ పొద్దున శుభ్రం చేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్‌నూ రబ్బరు రోలర్‌నూ తుడిచి, హెడ్ టేపుకు నిలువుగా ఉందో లేదో చూశాను. సాయంత్రానికి పన్నెండు క్యాసెట్లు, డెక్కుకు ఆరు చొప్పున. మొదటి డెక్కులో చేసినవి విని తృప్తిపడ్డాను. రాత్రి రెండో డెక్కులో చేసినది ఒకటి పెట్టుకుని, దీపం ఆపి విన్నాను. పెద్దమ్మ గొంతు బరువుగా, అలసిపోయినట్టు వినిపించింది. రోజంతా ఇవే పాటలు విన్న నా చెవులే అలసిపోయాయి అనుకున్నాను. చివరి పాటలో ఆఖరి పంక్తి వచ్చింది. "నిద్ర" అన్న మాట సగం దగ్గర తెగింది. క్లిక్. టేపు అయిపోయింది.

ఆరూ అలాగే ఉన్నాయి.

3,150 హెర్ట్జ్ పరీక్ష స్వరాన్ని రెండో డెక్కులో రికార్డు చేసి, సరైన వేగం ఉన్న మొదటి డెక్కులో వినిపించి కొలిచాను. 3,103. అంటే రెండో డెక్కు మోటారు ఒకటిన్నర శాతం వేగంగా తిరుగుతోంది. వేగంగా నడిచిన టేపు మీద 23 నిమిషాలు కాస్తా 22 నిమిషాల 40 సెకన్లయ్యాయి, చివరి ఆరు సెకన్లకు చోటు లేకపోయింది. సరైన వేగంలో వింటే గొంతు 26 సెంట్లు కిందికి దిగింది. ఆ బరువు నా చెవుల్లోది కాదు. తొమ్మిదో రోజు 25 మిల్లీవోల్టుల కోసం నేను పడిన శ్రమంతా ఈ మోటారు ఒక్క దెబ్బతో చెరిపేసింది. శుభ్రం చేసేటప్పుడే ఐదు నిమిషాలు వేగం కూడా చూసుకుని ఉండాల్సింది.

మోటారు వెనుక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల మర. సన్నని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పడం, రికార్డు చేయడం, కొలవడం. పదకొండుసార్లు. చివరికి అంకె 3,148కీ 3,152కీ మధ్య ఊగుతూ నిలిచింది. ఆ మాత్రం ఊగిసలాట టేపుకు సహజం.

34వ రోజు

ఆరు క్యాసెట్లను వాటి మీదే మళ్లీ రికార్డు చేశాను. ఇప్పుడు నలభైలో ప్రతిదానికీ ఆఖరి నిమిషం విన్నాను, "నిద్ర" పూర్తిగా పలికిందో లేదో. నలభైసార్లు ఆ మాట. అందులో "ద్ర" దగ్గర ఆమె గొంతు సన్నగా వణుకుతుందని ఇరవయ్యో సారికి గాని గమనించలేదు. ఒక్కో క్యాసెట్‌లో దాదాపు 66 మీటర్ల టేపు. నలభైకి కలిపి రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. పైఅంచు రెక్కలు విరిచేశాను, ఎవరూ పొరపాటున చెరిపేయకుండా.

36వ రోజు, 37వ రోజు

అట్టలు. లినోలియం పలక మీద తాడు ముడి బొమ్మ చెక్కాను. పెట్టెలో మడిచి ఉంచే కార్డు ముందు భాగం ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు, పది పొడవు. ముడి అందులో ఇరుగ్గానే పట్టింది. నీలి సిరా. మొదటి మూడు అచ్చులూ మసకగా వచ్చాయి, నాలుగో దాని నుంచి బాగున్నాయి. సంఖ్య పెన్సిల్‌తో వేశాను, 1/40, 2/40, అచ్చుబొమ్మల కళాకారులు వేసే పద్ధతిలో. లోపల ఒక కాగితం: పాటల మాటలు, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో పెద్దమ్మ చెప్పిన వివరాలు, ఉయ్యాల తాడు పొడవు. వెనుకవైపు ఖాళీ. ఒకటి నుంచి నాలుగు పెద్దమ్మకు. ఐదోది నాకు. ఒకటి పక్కన పెట్టాను. 34 శ్రోతలకు.

40వ రోజు

పొట్లాలు కడుతుండగా పెద్దమ్మ ఫోను చేసింది.

"మూడో చరణంలో రెండు పంక్తులు మరిచిపోయాను నాన్నా. ఇవాళ తాడు పేనుతుంటే గుర్తొచ్చాయి. మా అమ్మ పాడేది. ఇప్పుడేమీ చేయలేవు కదా?"

ఫోనులోనే పాడి వినిపించింది. చందమామ కూడా ఆవలిస్తున్నాడని ఉంది అందులో. టేపులోకి ఎక్కించే వీలు లేదు. ఉచితంగా ఉంచే రికార్డింగుల కోసం మళ్లీ పాడించుకోవచ్చు, వచ్చే వారం ఉయ్యాల మళ్లీ కడతాను. క్యాసెట్ లోపలి కాగితాలు మాత్రం అచ్చయిపోయాయి.

వెనుకవైపు ఖాళీగా ఉంది. నలభై కాగితాలు. కట్టిన పొట్లాలు విప్పి, కలం తీసుకుని కూర్చున్నాను. మళ్లీ ఫోను మోగింది. అక్షరాలు పెద్దవిగా రాయాలట, జోలపాట చదువుకునేది నిద్రకళ్లతో కాబట్టి. అప్పటికి ఆరు రాశాను, చిన్న అక్షరాలతో. వాటి కింద మళ్లీ పెద్దగా రాశాను.

రాత్రి పదకొండుకు 23 పూర్తయ్యాయి. సిరా ఆరడానికి బల్ల మీద పరిచాను. మిగిలిన 17 రేపు పొద్దున్నే.